సూపర్ బౌల్ గెలిచిన జో ఫ్లాకో నిజంగా ఎలైట్ క్వార్టర్‌బ్యాకేనా?

ఎలైటే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరి జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌లలో అతను అగ్రశ్రేణి వాడే, అందులో నాకు అనుమానం లేదు.

"ఒక్క సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) కప్పు గెలిచాడు సరే, మామూలు సీజన్ అంకెలు చూస్తే సగటు ఆటగాడే కదా" అని మీరు అడిగారు. 2008లో మా మేరీల్యాండ్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ ఇతన్ని, కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 18వ పిక్‌గా తీసుకున్నప్పటి నుంచీ నేను మేరీల్యాండ్‌లోనే ఉన్నాను, ఆటలన్నీ చూశాను. ఫ్లాకోని సెప్టెంబర్ మ్యాచ్‌లతో కొలిస్తే మీకు ఏమీ దొరకదు. జనవరిలో, ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ మ్యాచ్‌లలో), పరాయి స్టేడియంలో, చలిలో ఎలా ఆడాడో చూడాలి.

2013 జనవరి 12, శనివారం. మర్నాడు భోగి. ఎల్లికాట్ సిటీలో స్నేహితుడి ఇంట్లో పండగ భోజనాలు. పైన బొమ్మల కొలువు, పేరంటం. కింద బేస్‌మెంట్‌లో మేము డెన్వర్‌తో ప్లేఆఫ్ మ్యాచ్ పెట్టుకుని కూర్చున్నాం. అవతల క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్, వరసగా 11 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు. డిసెంబర్‌లో మా ఊరొచ్చి మమ్మల్ని 34-17తో చితక్కొట్టి వెళ్ళింది కూడా వాళ్ళే. డెన్వర్‌లో ఆ రోజు 13 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ పది. పైగా వాళ్ళ ట్రిండన్ హాలిడే మేము తన్నిన రెండు బంతుల్ని, ఒక పంట్‌నీ ఒక కిక్‌ఆఫ్‌నీ, పట్టుకుని నేరుగా మా చివరి గీత దాకా, అంటే టచ్‌డౌన్‌ దాకా పరిగెత్తించేశాడు.

ఆట చివరికి డెన్వర్‌దే పైచేయి, 35-28. ఇంకా 41 సెకన్లు. గడియారం ఆపుకునే టైమౌట్లు అయిపోయాయి. బంతి మా సొంత 30 యార్డ్ లైన్ దగ్గర, టచ్‌డౌన్‌కి ఇంకా 70 యార్డ్‌ల దూరం. "భోజనాలకి రండి" అని పైనుంచి పిలుపు మీద పిలుపు. మా స్నేహితుడి నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. ఆట రూల్స్ తెలియకపోయినా మొదటి నుంచీ మా పక్కనే కూర్చుని చూస్తున్నారు. "ఆ అబ్బాయి మొహంలో కంగారనేదే లేదేంట్రా?" అన్నారాయన.

డెన్వర్ వాళ్ళు మీదికొస్తుంటే ఫ్లాకో వెనక్కి పోలేదు, పక్కకి పారిపోలేదు. ముందుకి నాలుగడుగులు వేసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. గాలిలోనే 50 యార్డ్‌లు దాటింది ఆ బంతి. డెన్వర్ సేఫ్టీ (వెనక కాపలా కాసే ఆటగాడు) రహీం మూర్ అంచనా తప్పి ముందే ఎగిరాడు. బంతి అతని చేతుల మీదుగా దిగి మా జకోబీ జోన్స్‌కి అందింది. 70 యార్డ్‌ల టచ్‌డౌన్, గడియారంలో ఇంకా 31 సెకన్లు. మా బేస్‌మెంట్ కార్పెట్ మీద పులిహోర. పైనున్న ఆడవాళ్ళు ఏమైందోనని మెట్ల దాకా పరిగెత్తుకొచ్చారు. తర్వాత మా డిఫెన్స్‌లోని కోరీ గ్రాహం మానింగ్ విసిరిన బంతిని పట్టేయడం, రెండో ఓవర్‌టైంలో మా జస్టిన్ టక్కర్ 47 యార్డ్‌ల కిక్, 38-35తో గెలిచాం. ఆ సీజన్ కప్పు కూడా మాదే. ఆ జకోబీ జోన్స్ 2024లో, నలభై ఏళ్ళకే చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు ఆ ఒక్క ప్లే ఎన్నిసార్లు పెట్టుకుని చూశానో!

"అది మూర్ చేసిన తప్పు, అదృష్టం" అంటారు. తప్పు మూర్‌దే, కాదనను. కానీ అంత చలిలో, అంత టెన్షన్‌లో, బంతి అక్కడిదాకా వెళ్ళాలి కదా! ఆ దూరానికి విసరగలిగే చెయ్యి ఎంతమందికుంది?

ఇంకొకటి, "డిఫెన్స్ గెలిపించింది" అనే మాట. నాకు దీనికే ఒళ్ళు మండుతుంది. ఆ సీజన్‌లో మా డిఫెన్స్‌కి నాయకుడైన రే లూయిస్ అక్టోబర్‌లో చేతికి దెబ్బ తగిలి ప్లేఆఫ్స్ దాకా ఆడనే లేదు. హాలిడే రెండు టచ్‌డౌన్‌లు తీసేసినా డెన్వర్‌లో 21 పాయింట్లు, సూపర్ బౌల్‌లో 29 పాయింట్లు ఇచ్చుకున్న డిఫెన్స్ ఎవర్ని గెలిపించినట్టు? ఆ ఏటి నాలుగు ప్లేఆఫ్ మ్యాచ్‌లలో ఫ్లాకో టచ్‌డౌన్ పాస్‌లు 11, ఇంటర్‌సెప్షన్‌లు (అవతలివాళ్ళు పట్టేసిన పాస్‌లు) సున్నా. 1989 సీజన్ ప్లేఆఫ్స్‌లో దిగ్గజ క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా చేసింది సరిగ్గా ఇదే. మోంటానాని ఎవరూ ఇలా నిలదీయరు.

అసలు ఈ వాదన ఇంత ముదరడానికి కారణం ఫ్యాంటసీ ఫుట్‌బాల్, అంటే ఆటగాళ్ళ అంకెలకి పాయింట్లు వేసుకుని ఆడుకునే ఆట అని నా గట్టి నమ్మకం. మా ఆఫీసులో సగం మందికి మ్యాచ్ చూసే ఓపిక లేదు, ఫోన్‌లో పాయింట్లు చూసుకుని ఆటగాళ్ళకి ర్యాంకులిచ్చేస్తారు. ఆ లీగ్‌లు చాలావరకు డిసెంబర్ చివరికే ముగిసిపోతాయి. ఫ్లాకో అసలు ఆట మొదలయ్యేది ఆ తర్వాతే! వీళ్ళకి అతని గొప్పతనం కనపడే అవకాశమే లేదు.

కప్పు తర్వాతి సీజన్‌లో, 2013లో 22 ఇంటర్‌సెప్షన్‌లు విసిరాడని మీరు ఎత్తి చూపారు. ఆ సంగతీ చెప్తాను. కప్పు గెలిచిన వెంటనే ఫ్లాకోకి ఆరేళ్ళకి 120.6 మిలియన్ డాలర్ల ఒప్పందం ఇచ్చారు, బాగుంది. అదే నెలలో పాస్‌లు అందుకునే ఆంక్వాన్ బోల్డిన్‌ని సూపర్ బౌల్‌లో మేము ఓడించిన శాన్ ఫ్రాన్సిస్కోకే, డ్రాఫ్ట్‌లో ఒక్క ఆరో రౌండ్ పిక్ కోసం ఇచ్చేశారు. ప్లేఆఫ్స్‌లో ఇరుకులో పడ్డ ప్రతిసారీ ఫ్లాకో వెతుక్కున్నది బోల్డిన్‌నే. తర్వాత ట్రైనింగ్ క్యాంప్‌లో పాస్‌లు అందుకునే ఇంకో ఆటగాడు డెన్నిస్ పిట్టాకి తుంటి దెబ్బ. నమ్మకమైన చేతులు రెండూ పోయాక బంతి ఎవరికి విసరాలి? ఆ ఏడాది అంకెలన్నీ అతని ఖాతాలో వేయడం అన్యాయం.

కప్పు గెలవడానికి ముందు ఏడాది సంగతి కూడా ఎవరూ గుర్తుపెట్టుకోరు. సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్‌లో, న్యూ ఇంగ్లండ్‌లో, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఒక్క టచ్‌డౌన్ పాస్ కూడా విసరని రోజున ఫ్లాకో రెండు విసిరాడు. ఆఖరి క్షణాల్లో మా లీ ఎవాన్స్ చేతుల్లో పెట్టిన బంతి జారిపోయింది, వెంటనే మా కిక్కర్ బిల్లీ కండిఫ్ 32 యార్డ్‌ల కిక్ బయటికి కొట్టాడు. 23-20తో ఓడాం. ఎవాన్స్ దాన్ని పట్టుకుని ఉంటే ఫ్లాకో వరసగా రెండు సూపర్ బౌల్‌లు ఆడేవాడు, ఇవాళ మీరు ఈ ప్రశ్న అడిగేవారే కాదు.

మరుసటి ఏడు అదే స్టేడియంలో సగం ఆట అయ్యేసరికి 13-7తో వెనకబడి, రెండో సగంలో మూడు టచ్‌డౌన్ పాస్‌లు వేసి 28-13తో గెలిచాడు. అంకెల జోలికి పోకుండా ఆ రెండో సగం ఒక్కటి పూర్తిగా చూడండి. ఆ తర్వాత కూడా సగటు ఆటగాడే అనిపిస్తే కామెంట్‌లో రాయండి, మాట్లాడుకుందాం.