9899:2018 ‘విత్‌డ్రాన్’ అని చూపిస్తోంది, ల్యాబ్ మాన్యువల్ మార్చాలా?

ప్రశ్న ఇదీ: విజయనగరం దగ్గర ఒక డిప్లొమా కాలేజీలో సీ ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీ మీద ‘ఐఎస్ఓ/ఐఈసీ 9899:2018 ప్రకారం’ అని వేశారు. ఆ నంబరు సీ ప్రోగ్రామింగ్ భాష ప్రమాణానిది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ జాబితాలో చూస్తే దాని పక్కన ‘విత్‌డ్రాన్’ (ఉపసంహరించారు) అని ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే ఏం చెప్పాలి, అసలు భాషల ప్రమాణాలకు కాలం ఎలా చెల్లుతుంది అని మాస్టారు అడిగారు.

మాస్టారూ, సీ భాషకు ఏమీ కాలేదు. 2024 అక్టోబరులో 9899:2024 వచ్చింది. అందరూ సీ23 అంటున్నది దాన్నే. కొత్త కూర్పు వచ్చిందంటే పాతది విత్‌డ్రాన్ జాబితాలోకి పోతుంది. మన పైడితల్లమ్మ పండక్కి ఏటా కొత్త చెట్టే సిరిమాను అవుతుంది కదా, నిరుటి మానుకు దోషం వచ్చిందని కాదు. ఇదీ అంతే.

జాబితాలో నంబరు పక్కన చిన్న అంకె ఒకటి ఉంటుంది, అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. 60.60 అంటే అచ్చయింది. 90.20 అంటే సమీక్షలో ఉంది. 90.92 అంటే సవరించాలని తేల్చారు. 90.93 అంటే ఉన్నదున్నట్టు కొనసాగించారు. 95.99 అంటే ఉపసంహరించారు. 95.99 కనిపిస్తే ఒక్కటే చూడండి, దాని స్థానంలో ఫలానాది వచ్చిందని రాసి ఉందా లేదా. ఉంటే అది మామూలు వారసత్వం. లేకపోతే దాన్ని పట్టించుకునే నాథుడు లేడని అర్థం.

ఐదేళ్లకోసారి సమీక్ష ఉంటుంది. సభ్యదేశాల ప్రమాణ సంస్థలకు 20 వారాల గడువిచ్చి, ఉంచాలా, సవరించాలా, తీసేయాలా అని ఓటు అడుగుతారు. ప్రోగ్రామింగ్ భాషలు ఎక్కువగా జేటీసీ 1 (ఐఎస్ఓ, ఐఈసీల ఉమ్మడి సంఘం) కింద ఎస్‌సీ 22 అనే ఉపసంఘం చేతిలో ఉంటాయి. దాని కింద ఒక్కో భాషకు ఒక్కో కార్యవర్గం (డబ్ల్యూజీ): సీకి డబ్ల్యూజీ 14, సీ ప్లస్ ప్లస్‌కు డబ్ల్యూజీ 21, ఫోర్‌ట్రాన్‌కు డబ్ల్యూజీ 5, ఏడాకు డబ్ల్యూజీ 9. సవరించాలని ఓటు వేయడం తేలికే. కూర్చుని పాఠం రాసే సంపాదకుడు, సమావేశాలకు వచ్చే నలుగురు దొరకడమే కష్టం. వాళ్లు దొరకని భాషకు ‘ఉన్నదున్నట్టు కొనసాగింపు’ అనే ఓటే పడుతూ ఉంటుంది.

అందుకే 90.93 చూసి భాష కళకళలాడుతోందని అనుకోకండి. పాస్కల్ ప్రమాణం 7185 చివరి కూర్పు 1990 నాటిది. డెల్ఫీ, ఫ్రీ పాస్కల్ వాడేవాళ్లు రాసే భాష దానికి ఎప్పుడో దూరమైపోయింది. రూబీది ఇంకా చిత్రం. 30170:2012లో ఉన్నది 1.8, 1.9 కాలం నాటి రూబీ, ఆ తర్వాత దాన్ని ఎవరూ తిరగరాయలేదు. ప్రోలాగ్ మధ్యస్థం: 13211-1 1995లో వచ్చింది, 2007, 2012, 2017లలో చిన్న దిద్దుబాట్లతో నడుస్తోంది. నన్నడిగితే, కూర్పు పాతదైనా దిద్దుబాట్లు వస్తున్నాయంటే ఆ ఇంట్లో దీపం వెలుగుతున్నట్టే.

జావాస్క్రిప్ట్ వాళ్లు వేరే దారి పట్టారు. ఎక్మా అనే ప్రమాణాల సంస్థ తెచ్చే ఆ భాష ప్రమాణం ఎక్మా-262, 2015 నుంచి ఏటా జూన్‌లో కొత్త కూర్పుగా వస్తుంది. ఆ వేగాన్ని ఐఎస్ఓ నకలు 16262:2011 అందుకోలేకపోయింది. చివరికి 2018లో 22275 అని ఒక చిన్న ప్రమాణం తెచ్చి, పాఠం మొత్తం మళ్లీ అచ్చేయకుండా ఎక్మా కూర్పునే చూడమని పెట్టేశారు. తెలివైన పని.

అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎన్‌ఎస్ఐ (ఆన్సీ) నియమం కటువైనది. పదేళ్లలోపు సవరించడమో పునరుద్ఘాటించడమో జరగకపోతే ప్రమాణం దానంతటదే రద్దవుతుంది. నంబరు చివర ‘ఆర్’, పక్కన ఒక సంవత్సరం కనిపిస్తే అది పునరుద్ఘాటించిన ఏడు. మన సిలబస్‌లలో ఇంకా కనిపించే ‘ఆన్సీ సీ’ 1989 నాటి ఎక్స్3.159. ఆ మాట రాస్తే 1989 అని అర్థమే తప్ప ‘ప్రామాణికమైన సీ’ అని కాదు.

ఇక మీ మాన్యువల్. 2018 అని ఉంచినా తప్పు లేదు, ఏడాది వేసి చెప్పిన ప్రమాణం ఆ కూర్పుకే వర్తిస్తుంది. కానీ ఆ వాక్యం పక్కన కంపైలర్ ఆప్షన్ కూడా రాయండి (2018 కూర్పునే సీ17 అంటారు): జీసీసీ అనే కంపైలర్‌కు ‘-ఎస్‌టీడీ=సీ17 -పెడాంటిక్-ఎర్రర్స్ -వాల్’. ఆప్షన్ లేకుండా వదిలేస్తే ప్రతి కంప్యూటర్లో ఒక్కో సీ నడుస్తుంది. జీసీసీ 8 నుంచి 14 వరకు జీఎన్‌యూ17 (సీ17కు జీసీసీ సొంత చేర్పులు కలిపినది) డిఫాల్ట్, 15 నుంచి జీఎన్‌యూ23. కొత్త మెషీన్లో పాత ప్రోగ్రామ్ ఎగిరిపోయేది ఎక్కువగా మూడు చోట్ల. ఖాళీ బ్రాకెట్లతో ప్రకటించిన ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు పంపితే, సీ23లో అసలు ఆర్గ్యుమెంట్లే లేవని అర్థం కాబట్టి ఎర్రర్. పిల్లలు ఈనమ్‌తో సొంతంగా చేసుకున్న బూల్, ట్రూ, ఫాల్స్ ఇప్పుడు కీవర్డులు, కాబట్టి అక్కడా ఎర్రరే. మూడోది హెడర్ మర్చిపోవడం. డిక్లరేషన్ లేకుండా ఫంక్షన్‌ను పిలిస్తే ఇన్నాళ్లూ వార్నింగ్‌తో గట్టెక్కేవారు, జీసీసీ 14 నుంచి అదీ ఎర్రరే. వరుస చదివే ‘గెట్స్’ ఫంక్షన్ సంగతి సరేసరి, 2011 కూర్పులోనే పీకేశారు.

ప్రమాణం కొనాలంటే ఖరీదు బాగానే ఉంటుంది. ల్యాబ్‌కు అంత అక్కర్లేదు. డబ్ల్యూజీ 14 పేజీలో ఎన్1570 సీ11కు, ఎన్3220 సీ23కు దాదాపు సరిసమానమైన ముసాయిదాలు, రెండూ ఉచితం. సీ17లో కొత్త సౌకర్యాలేవీ లేవు, తప్పుల దిద్దుబాటే, కాబట్టి మీ పనికి ఎన్1570 చాలు.

ఒకవేళ ల్యాబ్‌లో ఇంకా డాస్‌బాక్స్‌లో పాతకాలపు టర్బో సీ కంపైలర్ నడుస్తుంటే మాత్రం ఆ 2018 వాక్యాన్ని కొట్టేయండి. అందులో ఇంట్ 16 బిట్లే, 32767 దాటితే లెక్క తప్పుతుంది. అందులో వాడే క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ ఫంక్షన్లకు ప్రమాణం ఏ కూర్పులోనూ చోటు లేదు.