భర్త కొట్టిన దెబ్బలతో వచ్చిన పేషెంట్‌తో నర్సు ఏం మాట్లాడాలి?

మీరు అడిగింది క్యాజువాలిటీలో చేసే ప్రతి సిస్టర్‌కూ ఎదురయ్యేదే. ఒంటి మీద దెబ్బలుంటాయి, "బాత్రూంలో జారిపడ్డా" అంటుంది, పక్కనే భర్త. దీనికి ట్రైనింగ్ ఉంటుందా అని కూడా అడిగారు. నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివినప్పుడు గృహహింస మీద ఓ పేరా చదివినట్టు గుర్తు, అంతే. మిగతాదంతా డ్యూటీలో సీనియర్లను చూసి నేర్చుకున్నదే.

ముందు పక్కనున్నవాళ్లను బయటికి పంపడం రావాలి. భర్తో అత్తగారో ఉన్నంతసేపు ఆమె నోరు విప్పదు, మనం అడిగినదానికీ వాళ్లే జవాబు చెప్తారు. మా సీనియర్ ఒకావిడ భర్తనైతే "డ్రెస్సింగ్ రూమ్‌లోకి మగవాళ్లు రాకూడదు" అని ఆపేసేది. అత్తగారికి మందుల చీటీ ఇచ్చి ఫార్మసీ క్యూకి పంపేది. ఆ కాస్త టైంలో కట్టు కడుతూ, "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారామ్మా?" అని మామూలుగా అడిగేది. మొహంలోకి చూస్తూ అడిగితే బిగుసుకుపోతారు. జారిపడితే సాధారణంగా మోకాలికో అరచేతికో తగులుతుంది. ముంజేయి బయటివైపు కమిలి, పక్కనే పాత దెబ్బ పసుపుపచ్చగా తిరిగి ఉంటే అనుమానించాల్సిందే.

ఆమె చెప్పాక "సర్దుకుపో" అనొద్దు, "వదిలేసి వచ్చెయ్" అనీ అనొద్దు. రెండోది మంచి సలహాలాగే ఉంటుంది, కానీ వదిలి వెళ్లబోయేటప్పుడే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఎక్కువ. "ఈ రాత్రి ఇంటికెళ్లడానికి భయంగా ఉందా?" అని అడగండి. భయమంటే డ్యూటీ డాక్టర్‌తో చెప్పి అడ్మిషన్ రాయించే ప్రయత్నం చెయ్యండి.

నర్సెస్ నోట్స్‌లో గాయం ఎక్కడ, ఎంత, ఏ రంగు అన్నది రాసి, "భర్త బెల్టుతో కొట్టాడని పేషెంట్ చెప్పింది" అని ఆమె మాటే రాయండి. "ఆరోపిస్తోంది" అని రాస్తే మనమే నమ్మనట్టు ఉంటుంది. ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు సంగతి డాక్టర్ చూస్తారు. ఇవాళ కేసు వద్దన్నా, రేపు 2005 గృహహింస చట్టం కింద కోర్టుకెళ్తే ఆ కాగితం పనికొస్తుంది. "ఆయన్ని జైల్లో వేస్తారేమో" అని భయపడేవాళ్లే ఎక్కువ. ఈ చట్టంలో కొట్టకుండా, ఇంట్లోంచి గెంటకుండా ఉత్తర్వులు తెచ్చుకోవచ్చని చెప్తే కాస్త తేలికపడతారు.

ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే కేసు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో మూడో వంతు కంటే ఎక్కువమంది భర్త చేతిలో హింస ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో మన యూనిఫాం వేసుకునేవాళ్లూ ఉంటారు.

181 హెల్ప్‌లైన్ నంబర్ చీటీ మీద రాసివ్వకండి, ఇంటికెళ్లాక బ్యాగు వెతుకుతారు. మూడంకెలే కదా, ఆమె చేత ఒకసారి పైకి చెప్పించండి. మీ జిల్లా సఖి కేంద్రానికి మాత్రం ఓ ఆఫ్ రోజున మీరే వెళ్లి చూసి రండి. కౌన్సెలింగ్, పోలీసు, లాయర్ సాయం, కొద్ది రోజులు ఉండటానికి చోటు అక్కడే దొరుకుతాయి. రాత్రిపూట ఫోన్ ఎవరు ఎత్తుతారో కనుక్కుని, ఆ నంబర్ వార్డు రిజిస్టర్‌లో రాసిపెట్టండి, తర్వాతి షిఫ్ట్ వాళ్లకీ పనికొస్తుంది.