వియన్నా వెళ్తున్న మా చెల్లి కూతురికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, చెయ్యాలి, చెయ్యొచ్చు, చెయ్యకూడదు, వీటి మీద నాలుగేళ్ళు చదువుతుందట, దానికి వాళ్ళే డబ్బులిస్తారట, ఇదేం చదువే?" అని అడిగింది. దాన్ని డియాంటిక్ లాజిక్ అంటారు, మంచి చదువే, వెళ్ళనివ్వు అని చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. ఒక పక్క సంతోషం, ఒక పక్క భయం. అసలు ఈ మాట ముందు నువ్వే నాకు చెప్పాల్సింది. ముప్పై ఏళ్ళు ఆఫీసు రూల్సుని ప్రోగ్రాములుగా రాయడమే నా పని, నాకు కాక ఇంకెవరికి చెప్తావు?

మామూలు సంగతులు ముందు. సర్టిఫికెట్లన్నీ రెండేసి కాపీలు తీయించు. దళసరి కోటు అక్కడే కొనుక్కో. వెళ్ళేలోపు మోడల్ లాజిక్, అదే 'తప్పదు', 'సాధ్యం' అనే మాటల తర్కం, మొదట్నుంచీ ఇంకోసారి చెయ్యి, అమెరికా తత్వవేత్త క్రిప్కీ చెప్పిన సాధ్య ప్రపంచాల లెక్క చేతికి అలవాటు కాకపోతే మిగతాది ఎక్కదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు వెళ్ళే ఆస్ట్రియాలోనే, గ్రాట్స్‌లో, ఎర్న్స్ట్ మాలీ అనే తత్వవేత్త 1926లో ఈ 'జరగాలి' అనే మాటకి మొదటిసారి సూత్రాలు కట్టాడు. 1939లో గణితజ్ఞుడు కార్ల్ మెంగర్ వాటిని పరీక్షించి చూస్తే, ఆ సూత్రాల ప్రకారం 'ఇది జరగాలి', 'ఇది జరిగింది' రెండూ ఒకటే అయిపోతున్నాయని తేలింది. అంటే జరిగిందల్లా జరగాల్సిందే! తర్వాత 1951లో ఫిన్లాండ్ తత్వవేత్త ఫోన్ రిక్ట్ (von Wright) మళ్ళీ మొదలుపెట్టి దారి వేశాడు. మాలీ చేసిన తప్పుని అందరూ చరిత్రలో ఒక పేరాగా చదివి వదిలేస్తారు. నేను వదల్లేను, ఎందుకంటే నా చేత్తో నేనూ దాదాపు అదే తప్పు చేశాను.

1990లలో ఒక జిల్లా ఆఫీసులో వితంతు పింఛన్ల దరఖాస్తులు కంప్యూటర్లోకి ఎక్కించే పని మాకొచ్చింది. ఏ జిల్లా అన్నది వదిలెయ్. ఫాక్స్‌ప్రోలో, అంటే అప్పటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్లో, రాశాం. రూల్సు కాగితంలో ఒక వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: 'భర్త మరణ ధ్రువీకరణ పత్రం ఫైలులో ఉండాలి, లేనిపక్షంలో దరఖాస్తు తిరస్కరించవచ్చు.' నేను రాసింది ఒక్క లైను, ఆ గడి ఖాళీగా ఉంటే తిరస్కరించు అని. అరగంట కూడా పట్టలేదు. పనులు చకచకా అవుతున్నాయని అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను.

ఏడాది తర్వాత రిపోర్టు ప్రింటు రావట్లేదంటే మళ్ళీ ఆ ఆఫీసుకి వెళ్ళాను. వరండాలో ఒకావిడ కూర్చుని ఉంది, ముప్పై దాటి ఉండవు. నన్ను చూసి నేనూ ఆఫీసు మనిషినే అనుకుని, ప్లాస్టిక్ కవర్లోంచి మడత పెట్టిన రసీదు తీసి, "పత్రం ఇచ్చినానమ్మా, ఇదిగో ముద్ర కూడా ఉంది" అంది. ఆవిడ అప్పటికి మూడుసార్లు తిరిగింది. గుమస్తా చెడ్డవాడేం కాదు, కంప్యూటర్ ఒప్పుకోవట్లేదమ్మా అని ప్రతిసారీ మర్యాదగానే పంపాడు. పత్రం ఆ గదుల్లోనే ఎక్కడో పోయింది. ఆవిడ చేయాల్సింది ఆవిడ చేసింది, దాన్ని జాగ్రత్తగా ఫైలులో ఉంచాల్సింది ఆఫీసు. నా ప్రోగ్రాంలో ఆవిడా లేదు, ఆఫీసూ లేదు, ఖాళీ గడి ఒక్కటే ఉంది. ఫైలులో ఏముందో అదే నిజం, అదే న్యాయం అయి కూర్చుంది. 'తిరస్కరించవచ్చు' అంటే అధికారికి ఆ వీలుందని మాత్రమే కదా, తిరస్కరించకుండా రసీదు చూసి ఇంకో కాపీ తెప్పించుకోమనీ అనొచ్చు. ఆ వీలుని నేను తీసేశాను. 'వచ్చు'ని 'తీరాలి' చేశాను.

ఆ రోజే మార్చాను. రసీదు నంబరుకి ఒక గడి పెట్టి, నిర్ణయం అధికారికి వదిలాను. ఆవిడకి పింఛను మొదలైంది. కానీ అప్పటికే పెద్దకొడుకుని బడి మాన్పించి కిరాణా కొట్లో పెట్టింది, పదకొండేళ్ళ పిల్లాడు. ఆ మాట ఆవిడ నిష్ఠూరంగా చెప్పలేదు, పిల్లలెంతమంది అని నేనడిగితే చెప్పింది.

అందుకే నీకు ఇంతగా చెప్తున్నాను. స్టాండర్డ్ డియాంటిక్ లాజిక్‌లో 'ఉండాలి' గుర్తు వాక్యానికి తగులుతుంది, మనిషికి తగలదు. ఎవరు చెయ్యాలి అన్నది అందులో కనపడదు. ఆ లోటు తీర్చడానికే అమెరికా తత్వవేత్త బెల్నాప్, ఆయనతో పనిచేసినవాళ్ళు 'స్టిట్' లాజిక్ కట్టారు, మన మాటల్లో 'ఫలానావాళ్ళు ఇది అయ్యేలా చూడటం'. దాన్ని పట్టుకుని జాన్ హార్టీ అనే ఇంకో తత్వవేత్త 2001లో ఒక పుస్తకమే రాశాడు. రిటైరయ్యాక అది చదువుతూ ఆ వరండానే తలుచుకున్నాను. అందులో నమూనాలు కష్టంగా ఉంటాయి, కొమ్మలు చీలే కాలం, ఒక్కో క్షణంలో ఒక్కొక్కరి ఎంపికలు... విసుగొచ్చి మధ్యలో వదిలెయ్యకు.

'వచ్చు' దగ్గర ఇంకో చిక్కుంది. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మా డాబా మీద నీళ్ళ ట్యాంకు ఎక్కావు, గుర్తుందా? కింద నిలబడి నేను అరుస్తుంటే, "ఎక్కొద్దని నువ్వు అనలేదుగా పెద్దమ్మా" అన్నావు. వద్దనకపోవడం వేరు, సరే అనడం వేరు. ఫోన్ రిక్ట్ కూడా ఈ రెండు రకాల అనుమతినీ విడదీశాడు. ఆ రోజు నిన్ను దించి ఒక దెబ్బ వేసి, రాత్రి నువ్వు నిద్రపోయాక ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మీ తాతయ్యేమో అరుగు మీద మీమాంస, అదే వేదవాక్యాల అర్థం తేల్చే శాస్త్రం, చెబుతూ 'పంచ పంచనఖా భక్ష్యాః' అనేవారు. ఐదు గోళ్ళున్న జంతువుల్లో ఐదింటిని తినొచ్చు అని. పైకి అనుమతి, లోపల అర్థం మిగతావి తినకూడదని. దీన్ని పరిసంఖ్య అంటారు. నువ్వు వెళ్ళే వియన్నాలోనే పరిశోధకులు 2015లో మీమాంస వాక్యాల ఆధారంగా ఒక డియాంటిక్ లాజిక్ కట్టారు. అక్కడ ఎవరైనా దాని గురించి మాట్లాడుతుంటే బెరుకు లేకుండా వెళ్ళి కూర్చో, తాతయ్య దగ్గర విన్నది నీకు పనికొస్తుంది.

పారడాక్సులు, అంటే సూత్రాలు సరిగ్గానే ఉన్నట్టుండి వింత ఫలితమిచ్చే చిక్కులు, చాలా చెప్తారు. ఉత్తరం పోస్టు చెయ్యాలి అంటే, పోస్టు చెయ్యాలి లేదా తగలబెట్టాలి అని కూడా తేలుతుందన్న డెన్మార్క్ తత్వవేత్త రాస్‌ది ఒక్క సాయంత్రం చాలు. అమెరికా తత్వవేత్త చిజమ్ 1963లో చెప్పినదాని దగ్గర మాత్రం నెలలు పట్టినా ఆగు. ఒకతను పొరుగువాళ్ళకి సాయం వెళ్ళాలి, వెళ్తే వస్తున్నానని చెప్పాలి, వెళ్ళకపోతే వస్తున్నానని చెప్పకూడదు, అతను వెళ్ళలేదు. మామూలు మనిషికి ఇందులో తికమకే లేదు. పాత లాజిక్‌లో రాస్తే ఒకదానికొకటి అడ్డం పడతాయి, లేదంటే ఒకటి ఇంకోదాన్నుంచి ఊరికే వచ్చేస్తుంది. చేయాల్సింది జరగనప్పుడు తర్వాత ఏం చేయాలి అన్నదే అసలు ప్రశ్న. పత్రం పోయాక ఆఫీసు ఏం చేయాలో ఆ రూల్సు కాగితంలో ఎక్కడా లేదు, నేనూ అడగలేదు.

రేపు నువ్వు రాసింది ఏదో కంపెనీయో ఏదో ప్రభుత్వమో తీసుకెళ్ళి లక్షల మంది మీద నడుపుతుంది. నాకు టెన్షన్ అంతా అదే. చలి గురించి మీ అమ్మ చూసుకుంటుంది.

ఆ రూల్సు కాగితం జిరాక్సు ఇంకా నా బీరువాలో ఉంది. మీ అమ్మతో పంపిస్తున్నాను, పాస్‌పోర్టుతో పాటు పెట్టుకో. అక్కడ కాస్త కుదురుకున్నాక ఆ ఒక్క వాక్యాన్నీ నీ లాజిక్‌లో రాసి పంపు. ఆవిడని ఎక్కడ పెట్టావో, ఆఫీసుని ఎక్కడ పెట్టావో చూస్తాను. ఆదివారం ఫోన్ చెయ్యి, నీకు పొద్దున్న తొమ్మిదంటే నాకు అప్పటికి భోజనం అయిపోతుంది.

పెద్దమ్మ