ఒకే మూల డిస్క్ ఇమేజ్‌తో అనేక పరీక్షలు

ప్రతి పరీక్షకూ 20 జీబీ నమూనా ఇమేజ్‌ను (వర్చువల్ యంత్రపు డిస్క్ మొత్తం ఉండే ఫైలును) పూర్తిగా కాపీ చేయడం వల్ల డిస్క్ నిండిపోతోందని మీరు రాశారు. వర్చువల్ యంత్రాలను నడిపే క్యూఈఎమ్‌యూ (QEMU) సాఫ్ట్‌వేర్‌లో అన్ని కాపీలు అక్కరలేదు. మూల ఇమేజ్‌ను ఒక్కటే ఉంచి, దానిని బ్యాకింగ్ ఫైల్‌గా (మారని భాగాలను చదువుకునే ఆధార ఫైలుగా) చూపుతూ పరీక్షకొక క్యూకౌ2 (qcow2, క్యూఈఎమ్‌యూ డిస్క్ ఫార్మాట్) పొరను సృష్టించండి. మారిన భాగాలు మాత్రమే అందులో చేరతాయి కనుక, మొదట ఆ పొర కొన్ని వందల కేబీలకు మించదు. 6.1 వెర్షన్ నుంచి మూల ఇమేజ్ ఫార్మాట్‌ను కూడా పెద్ద ఎఫ్ (-F) ఆప్షన్‌తో తెలపడం తప్పనిసరి.

ఎక్కువమంది పొరపడేది ఆ తరువాతే: పొరలు ఏర్పడ్డాక మూల ఇమేజ్‌ను ఒక్కసారి నేరుగా బూట్ చేసినా, అందులోని బ్లాకులు మారి, దానిపై ఆధారపడిన పొరలన్నీ చెడిపోవచ్చు. అందుచేత దానికి రాసే అనుమతిని ముందే తొలగించండి. మూల ఇమేజ్‌ను వేరే ఫోల్డరుకు మార్చవలసి వస్తే, పొరకు మూల ఇమేజ్ ఏదో మార్చి చూపే రీబేస్ (qemu-img rebase) ఆదేశాన్ని చిన్న యూ (-u) ఆప్షన్‌తో నడిపి, ప్రతి పొరకూ కొత్త పాత్ ఇవ్వండి.