వాగుకి పొలం, పొలానికి పొలం

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డాక వాగు కట్టల గురించి ఉత్తరాలు రావడం ఆగలేదు. అప్పుడు డైవర్షన్ కాలవకి మూడు చోట్ల గండ్లు పడి, ఆర్మీ వాళ్లు కూడా వచ్చి చెయ్యేస్తే గానీ పూడలేదు, సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది, అదంతా టీవీల్లో అందరూ చూసిందే. ఆ తర్వాత ఏ చిన్న వాగు దగ్గరికెళ్లినా కట్ట వెడల్పు చెయ్యాలి అనే మాటే. కట్ట వెడల్పవ్వాలంటే పక్కన ఎవరిదో ఒకరి పొలం పోవాల్సిందే కదా. నేను సర్వీసులో ఉన్నప్పుడు చాలా ఏళ్లు భూసేకరణ ఫైళ్లే చూశా కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా, పట్టా పాస్‌బుక్కుల ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే సంచికదాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, మాది మైలవరం వైపు చిన్న ఊరు. వాగు పక్కన ఎకరం 20 సెంట్ల మాగాణి ఉంది. వరద కట్ట వేస్తాం, అందులో మీది 38 సెంట్లు పోతుంది, డబ్బులైతే లేటవుతాయి కాబట్టి ఊరవతల గవర్నమెంటు భూమి 40 సెంట్లు ఇస్తాం, పొలానికి పొలం మార్చుకోండి అంటున్నారు. రెండు సెంట్లు ఎక్కువే వస్తోంది కదా సంతకం పెట్టెయ్యి అని ఇంట్లో అందరూ అంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. పొలానికి పొలం మంచిది కాదని కాదు నా ఉద్దేశం, చేతిలో భూమి ఉంటే ఆ ధైర్యం వేరు, డబ్బులైతే పెళ్లికో అప్పుకో మూడు నెలల్లో ఆవిరైపోతాయి, అది నాకూ తెలుసు. కానీ మీకు చెప్పిన లెక్కే తప్పు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం మీ భూమి తీసుకుంటే మార్కెట్ విలువ కడతారు, పల్లెటూళ్లలో దాన్ని 1 నుంచి 2 దాకా ఉండే ఒక గుణకంతో హెచ్చిస్తారు, దాని మీద చెట్లు, బోరు లాంటివాటి విలువ కలిపి, ఆ మొత్తానికి మళ్లీ 100 శాతం సొలేషియం, అంటే బలవంతాన భూమి తీసుకున్నందుకు పైన ఇచ్చే పరిహారం, ఇస్తారు. సామాజిక ప్రభావ నోటిఫికేషన్ (భూమి పోతే జనం మీద ఏం ప్రభావం పడుతుందో చూసే అధ్యయనం ప్రకటన) వచ్చిన రోజు నుంచి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) రోజు దాకా గానీ, భూమి ముందే స్వాధీనం చేసుకుంటే ఆ రోజు దాకా గానీ మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. లెక్క తేలిగ్గా ఉంటుందని మీ దగ్గర ఎకరం 20 లక్షలు అనుకుందాం, గుణకం కూడా తక్కువలో తక్కువ 1 అనే అనుకుందాం. 38 సెంట్లకి 7 లక్షల 60 వేలు, సొలేషియం ఇంకో 7 లక్షల 60 వేలు, మొత్తం 15 లక్షల 20 వేలు. మీకిస్తామన్న 40 సెంట్లు అదే రేటున్న భూమే అయినా 8 లక్షలు. అంటే రెండు సెంట్లు ఎక్కువొచ్చాయని ఇంట్లోవాళ్లు సంబరపడుతున్నది 40 వేలకి, వదులుకుంటున్నది 7 లక్షల 20 వేలు. ఆ 15 లక్షల 20 వేలకి అదే రేటులో 76 సెంట్లొస్తాయి, కాబట్టి అదే రకం మాగాణి అయితే 76 సెంట్లకి ఒక్క సెంటు తగ్గినా మీకు నష్టమే, మెట్ట అయితే ఇంకా ఎక్కువ అడగాలి. సెంటుకి సెంటు అనే మాట వినడానికి ధర్మంగానే ఉంటుంది గానీ చట్టం రైతుకిచ్చిన రెట్టింపు అందులోనే మాయమైపోతుంది.

భూమికి భూమి అనే మాట చట్టంలో లేకపోలేదు, రెండో షెడ్యూల్లో ఉంది, కానీ ఎస్సీ, ఎస్టీల సంగతి పక్కన పెడితే అది ఇరిగేషన్ ప్రాజెక్టుల కింద భూమి పోయినవాళ్లకి, ఆయకట్టులో కనీసం ఎకరం, అదీ వీలైనంతవరకు అని. మీది వరద కట్ట, దానికి ఆయకట్టు ఎక్కడుంది? కాబట్టి మీరు ఎస్సీ, ఎస్టీ కాకపోతే మీకు హక్కుగా వచ్చేది డబ్బే, మార్పిడి అనేది మీరు ఒప్పుకుంటేనే. అందుకే బేరం మీ చేతిలో ఉంది, ఆ సంగతి మర్చిపోయి మనమేదో దయ అడుగుతున్నట్టు చేతులు కట్టుకుని నిలబడకండి.

ఇంకోటి, మీరు ఉత్తరంతో పాటు పంపిన కాగితం మీద చేత్తో గీసిన గీత చూశా. కట్ట మీ పొలం మధ్యలోంచి పోతోంది. 38 సెంట్లు కట్ట కింద, కట్టకి ఊరి వైపు 60 సెంట్లు, మరి వాగు వైపు మిగిలిన 22 సెంట్ల సంగతి ఎవరైనా మాట్లాడారా? కట్ట పడ్డాక ఆ 22 సెంట్లు వాగులో భాగమే అనుకోండి, ప్రతి వానకీ నీళ్లు అందులోనే నిలబడతాయి, పైగా అక్కడికి ట్రాక్టర్ దింపాలంటే కట్ట ఎక్కి దిగాలి. పొలం ముక్కలైనందుకు జరిగే నష్టం కూడా లెక్కలో వెయ్యాలని చట్టంలో 28వ సెక్షన్ చెప్తోంది. కాబట్టి ఆ 22 కూడా తీసుకోమని అడగండి, లేదా దానికి నష్టం విడిగా కట్టమనండి. అంటే మీ బేరం 38 సెంట్లకి కాదు, 60కి. ఇటు ఊరి వైపు మిగిలిన 60 సెంట్ల నీళ్లు ఇన్నాళ్లూ వాగులోకే కదా దిగేవి, ఇప్పుడు కట్ట అడ్డం. మీ చేను మురుగు బయటికి పోవడానికి కట్టలో తూము పెట్టాలి, దానికి వాగు వైపు తలుపు ఉండాలి, లేకపోతే వాగు పొంగినప్పుడు నీళ్లు అదే తూములోంచి వెనక్కి మీ చేలోకొస్తాయి. ఆ తూము డిజైన్లో ఉందా లేదా అని ఇప్పుడే అడగండి, కట్ట రోలింగ్ అయిపోయాక అడిగితే ఎవరూ పలకరు.

ఇక మీకిస్తామన్న భూమి. గవర్నమెంటు భూమి అన్నారు, ఏ రకం గవర్నమెంటు భూమి? ఇక్కడ మా ఇంటి కథ చెప్తా. మా తాత కాలవ తవ్వేటప్పుడు అర ఎకరం ఇచ్చి బదులు అర ఎకరం తీసుకున్నాడు, నోటిమాట మీదే, అప్పట్లో పెద్దమనుషుల మాటే దస్తావేజు. ముప్పై ఏళ్లకి పైగా మేమే దున్నుకున్నాం. మా నాన్న అమ్మబోతే తేలింది, రికార్డులో అది వాగు పోరంబోకు, రిజిస్ట్రేషన్ కుదరదు, 22ఏ నిషేధిత జాబితాలో ఉంది. మా పాత పొలం మీద కాలవ పారుతోంది, కొత్త పొలం మాది కాదు. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి మా నాన్న ఒక జత చెప్పులు అరగదీశాడు అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది, ఒక జత కాదు, నాకు తెలిసి మూడు.

కాబట్టి ఆ 40 సెంట్ల సర్వే నంబరు రాయించుకోండి, రీసర్వే అయిన ఊరైతే ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఆ ముక్కకిచ్చిన కొత్త నంబరు). అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ (ఏ నంబరు ఏ రకం భూమో ఉండే పాత రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (కొలతల పటం) తీయించి చూడండి. వాగు, చెరువు, కుంట, డొంక, శ్మశానం అని ఎక్కడ కనపడినా వెంటనే వద్దనండి. చెరువులూ కుంటలూ ఎవరికీ పట్టా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లోనే గట్టిగా చెప్పింది, ఊరి ఉమ్మడి భూముల మీద ఆక్రమణలు తీయించమని 2011లో ఇంకో తీర్పూ ఇచ్చింది. ఆ భూమి ఇదివరకే ఎవరికైనా అసైన్ చేశారేమో (పేదలకి సాగుకిచ్చారేమో) కూడా కనుక్కోండి, అసైన్డ్ భూమి చేతులు మారడం మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది, రేపు ఆ కుటుంబం వచ్చి ఇది మాది అంటే మీరు జవాబు చెప్పలేరు. తర్వాత సర్వేయర్ని తీసుకెళ్లి హద్దురాళ్లు చూపించమనండి, మీరు కూడా ఆ చేలో నడవండి, గునపంతో ఒక మూర లోతు తవ్వి మట్టి చేతిలోకి తీసుకుని చూడండి. మీది వాగు పక్క ఒండ్రు, చేత్తో పిసికితే ముద్దవుతుంది. అక్కడ గునపం ఖంగుమంటే అది 40 కాదు 140 సెంట్లిచ్చినా ఆలోచించాల్సిందే.

అన్నీ బాగుంటే అప్పుడు దస్తావేజు. ఆస్తి బదలాయింపు చట్టంలో 118వ సెక్షన్ మార్పిడి గురించి, 119 ఏమంటుందంటే మీరు తీసుకున్న దానికి హక్కు లేదని తేలి అది మీ చేయి జారితే నష్టపరిహారం గానీ, మీరిచ్చింది ఇంకా అవతలివాళ్ల దగ్గరే ఉంటే దాన్ని వెనక్కి గానీ అడగొచ్చు. కాకపోతే మీ పొలం మీద కట్ట కట్టేశాక దాన్ని వెనక్కివ్వమంటే ఎవరిస్తారు, అందుకే ఆ హక్కు మీద భరోసా పెట్టుకోవద్దంటున్నా. వంద రూపాయలు దాటిన ఏ స్థిరాస్తి మార్పిడైనా రిజిస్టర్ కావాల్సిందే. స్టాంపు ఖర్చు మామూలుగా ఇద్దరికీ చెరి సగం, అవతల ప్రభుత్వం ఉన్నప్పుడు వాళ్ల వాటాకి మినహాయింపు, మీ సగం కూడా వాళ్లే పెట్టుకోవాలని ఒప్పందంలోనే రాయించండి. సంతకం ఎవరు పెడుతున్నారో కూడా చూడండి. రాజ్యాంగం 299 అధికరణం ప్రకారం రాష్ట్రం చేసే ఒప్పందం గవర్నర్ పేరు మీద, అధికారం ఉన్న మనిషి సంతకంతో ఉండాలి. సైటుకొచ్చిన ఇంజనీరు ఎంత మంచివాడైనా, నేనున్నా కదా బాబాయ్ అన్నా, ఆయన ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఆ మాటకి విలువ లేదు. కలెక్టర్ ఉత్తర్వు కాపీ చేతికొచ్చి, దస్తావేజు రిజిస్టరై, కొత్త భూమి మీ పేరు మీద 1బీలో (హక్కుల రికార్డులో) ఎక్కాక మీ చేలో పొక్లెయిన్ దిగనివ్వండి. మీ పొలం మీద సొసైటీ అప్పో బ్యాంకు అప్పో ఉంటే అదీ ముందే చెప్పండి, ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రంలో) ఎలాగూ కనపడుతుంది.

ప్రశ్న: అమరావతిలో కొండవీటి వాగు కోసం కూడా రైతులు భూమి ఇచ్చి ప్లాట్లు తీసుకున్నారుగా, మాకూ అలాగే ఇవ్వమని అడగొచ్చా?

జవాబు: అడగడానికి అడగొచ్చు గానీ అది వేరే లెక్క. అక్కడ భూమి ఒక్క వాగు కోసం తీసుకోలేదు, రాజధాని మొత్తానికి పూలింగ్ చేశారు, 34 వేల ఎకరాల పైచిలుకు, వాగు పనులు అందులో ఒక భాగం. ఎకరం మెట్టకి 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్, జరీబుకైతే (నది పక్క సారవంతమైన భూమికి) 1000, 450. పైన పదేళ్ల కౌలు, మెట్టకి ఏడాదికి 30 వేలు, జరీబుకి 50 వేలు, ఏటా పది శాతం పెంపుతో. అక్కడ ఎకరానికి పావు వంతు పైన గజాలు తిరిగొచ్చినా రైతు ఒప్పుకున్నాడంటే అక్కడ సిటీ వస్తుంది, గజం రేటు పెరుగుతుంది అనే ఆశ మీద. మీ ఊళ్లో కట్ట వస్తుంది, సిటీ రాదు. మీకు ప్లాటు ఏం చేసుకోవడానికండీ, పొలమే అడగండి.

ప్రశ్న: నేను కౌలుకి చేస్తున్నా, ఆరేళ్లుగా ఇదే చేను. ఓనరు మార్పిడికి ఒప్పుకున్నాడు, నాకేమీ రాదా?

జవాబు: భూసేకరణ అయితే సేకరణకి ముందు మూడేళ్లు ఆ భూమి మీద బతికిన కౌలుదారు, కూలి కుటుంబాలు కూడా బాధిత కుటుంబాలే, పునరావాసంలో మీ పేరుండాలి. ఒప్పందం మీద మార్పిడి అంటే మాత్రం మీ పేరు ఎవరూ అడగరు, అందుకే ఓనర్లకి కూడా ఆ దారి తేలిక. సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకిచ్చే సాగు హక్కు కార్డు) ఉంటే బయటికి తియ్యండి, లేకపోతే ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన రసీదులు ఏవున్నా పోగేసి తహసీల్దారుకి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి, అదీ ఓనరు సంతకం పెట్టక ముందే. పంట చేలో ఉంటే కోసుకునేదాకా టైము రాయించండి.

ప్రశ్న: నేను హూస్టన్‌లో ఉంటా. ఇక్కడ 2017లో హార్వే తర్వాత కౌంటీ వాళ్లు మునిగే చోట ఇళ్లు కొనేసి ఖాళీ చేయిస్తున్నారు. మా ఊళ్లో నాకూ తమ్ముడికీ ఉమ్మడిగా ఉన్న పొలంలో కొంత వాగు కట్టకి అడుగుతున్నారు, బదులు పొలం ఇస్తారట. తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేస్తే సరిపోతుందా?

జవాబు: మీ హారిస్ కౌంటీలో 2018లో జనం ఓటేసి 250 కోట్ల డాలర్ల బాండుకి ఒప్పుకున్నారు, కొన్న ఇల్లు కూల్చి ఆ స్థలం ఖాళీగా వదిలేస్తారు, పద్ధతి బాగుంది, అక్కడ డబ్బు చేతికిస్తారు కాబట్టి గొడవ తక్కువ. మీ విషయంలో చిక్కు వేరే చోట ఉంది. ఎన్నారైలు వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు గానీ కొత్తగా వ్యవసాయ భూమి తీసుకోకూడదు, ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ) చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు మార్పిడి కూడా. అంటే మీరు సగం వాటాదారుగా పాత పొలం ఇచ్చి కొత్త పొలం తీసుకుంటే అది కొత్తగా తీసుకున్నట్టే. అందుకని మీ వాటాకి డబ్బే అడగండి, లేదా ముందు పంపకం దస్తావేజు రాసుకుని వాగు వైపు ముక్క తమ్ముడికి పడేలా చూసుకోండి, ఆయన ఊళ్లోనే ఉంటారు కాబట్టి మార్పిడి ఆయన పేరు మీద జరుగుతుంది. అన్నదమ్ములు మంచిగా ఉన్నప్పుడే ఇది అయిపోవాలి.

పవర్ అక్కడి కాన్సులేట్‌లో చేయించి పంపితే, ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, చాలామంది బీరువాలో పెట్టి మర్చిపోతారు. అమ్మకానికి, మార్పిడికి అన్నిటికీ కలిపి జనరల్ పవర్ ఇవ్వకండి, ఈ ఒక్క పనికి ఈ ఒక్క ముక్కకి అని రాయండి. సర్వే నంబర్లు మాత్రం పాస్‌బుక్ ఒరిజినల్ దగ్గర పెట్టుకుని తమ్ముడి చేత ఫోన్లో చదివించుకోండి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి రాస్తే మడత పడ్డ చోట 3కీ 8కీ తేడా తెలియదు.