విమానం కూలిన చోట కథ మొదలుపెట్టకు

నల్లగొండ,
ఆదివారం

తమ్మీ,

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. అచ్చంపేట పిలగాడు వైమానిక దళంలో పైలట్ అయి, విమానం కూలి చనిపోవడం గురించి కదా. రాసే చెయ్యి నీకుంది, అందులో అనుమానం లేదు. కానీ మొదటి మూడు పేజీలూ మంటలే. చివరి రెండు పేజీలూ జెండా కప్పిన పెట్టె, గాల్లోకి తుపాకులు. మధ్యలో ఆ పిలగాడేడి? వాడు దేనికి నవ్వుతాడో, సెలవుకు ఇంటికొస్తే ముందు ఏం అడిగి వండించుకుంటాడో నాకు తెలియనే లేదు. ముఖమెరగని మనిషి పోతే నేనెందుకు ఏడుస్తాను?

ఒక చిన్న తప్పు ముందే చెప్పేస్తాను. అతన్ని ‘కెప్టెన్’ అన్నావు. అది ఆర్మీ హోదా. దుండిగల్ అకాడమీలో పరేడ్ అయి బయటికొచ్చినవాడు ఫ్లయింగ్ ఆఫీసర్. తర్వాత ఫ్లైట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్, ఆపైన గ్రూప్ కెప్టెన్. నీవాడికి పాతికేళ్లు కాబట్టి ఫ్లైట్ లెఫ్టినెంట్ అని రాసుకో. ఇట్లాంటిది ఒక్కటి దొర్లితే చాలు, తెలిసినవాడు అక్కడే చదవడం ఆపేస్తాడు.

ఇక యుద్ధం సంగతి. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద దాడి జరుగుతుంటే నాట్ విమానంలో పైకి లేచి, పోరాడి చనిపోయిన నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్‌కు పరమవీర చక్ర వచ్చింది. వైమానిక దళంలో ఆ పతకం ఇప్పటికీ ఆయన ఒక్కరిదే. అట్లాంటి చావు అరుదు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర కూలింది శిక్షణ విమానం, పిలాటస్. పొద్దున దుండిగల్‌లో లేచింది. నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఇద్దరూ పోయారు. రోజూ క్లాసుకు పోయినట్టే పోయి ఉంటారు. నీ కథకు శత్రు విమానం అక్కర్లేదని నాకనిపిస్తుంది.

ఊరిని కాపాడ్డానికి విమానాన్ని పక్కకు తిప్పాడని రాశావు. ప్రతి ప్రమాదం తర్వాతా ఈ మాట వినపడుతుంది, కొన్నిసార్లు నిజం కూడా. అయితే అది ఎవరి నోట వచ్చిందో చూపించు. 2022 ఫిబ్రవరిలో మన పెద్దవూర మండలంలో చిన్న శిక్షణ విమానం పొలాల్లో పడింది. సైన్యానిది కాదులే. ముందు చూసింది చేలల్లో పనిచేసేవాళ్లే. అట్లాంటి మనిషి చెప్పే మాట వేరు, రాత్రి టీవీలో యాంకర్ చెప్పే మాట వేరు.

గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ రాసిన ఉత్తరం సంపాదించి చదువు. 2020 అక్టోబరులో ఆయన నడుపుతున్న తేజస్ యుద్ధ విమానం గాల్లోనే అదుపు తప్పింది. దూకేయొచ్చు. దూకకుండా దాన్ని కిందికి దించాడు, శౌర్య చక్ర ఇచ్చారు. అప్పుడు తను చదివిన స్కూల్ ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాడు. అందులో వీరత్వం గొప్పలు లేవు. చదువులో నేను అంతంతమాత్రమే, పన్నెండో తరగతిలో ఫస్ట్ క్లాస్ అతి కష్టం మీద వచ్చింది, మామూలుగా ఉండటం తప్పేం కాదని పిల్లలకు చెప్పండి, ఇదీ దాని సారం. రెండు మూడు నెలలకే, 2021 డిసెంబరు 8న, తమిళనాడు కూనూరు దగ్గర కూలిన హెలికాప్టర్‌లో త్రివిధ దళాల అధిపతి జనరల్ రావత్‌తో పాటు ఉన్నాడు. వారం రోజులు ప్రాణంతో పోరాడి 15న పోయాడు. మార్కుల గురించి చెప్పుకున్న ఆ ఒక్క మాట వల్లే ఆయన నాకు మా బళ్లో పిల్లాడిలా కనిపిస్తాడు.

మా పక్క ఊళ్లో ఒక తండ్రి ఉన్నాడు. నాలుగు బర్రెలు, కొంచెం బత్తాయి తోట. కొడుకు సామానుతో పాటు పైలట్ లాగ్ బుక్ కూడా ఇంటికొచ్చింది. తేదీ, విమానం, చేసిన పని, ఎగిరిన సమయం, అన్నీ ఇంగ్లీషులోనే. ఆయనకు ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు. పాల కేంద్రం చిట్టా చూసుకున్నట్టే గీత గీతకూ వేలు పెట్టి సమయం కూడుతున్నాడు.

“ఇగో సారూ, ఈడ నలభై ఐదు నిమిషాలు. ఈడ గంటా పది. మనోడు తప్పుల్లేకుండ రాసిండు.”

పేజీ చివర్లో ఒక గీత ఖాళీగా ఉంది. వేలు అక్కడ ఆగింది.

“ఆఖరు దానికి ఎంతసేపని రాయాలె సారూ?”

నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. లోపల ఆ పిల్లాడి తల్లి బర్రెకు కుడితి కలుపుతోంది, చప్పుడు వినపడుతోంది.

కథ తిరగరాసి పంపు. ఈసారి టైప్ చేయించు, నీ చేతిరాత ఈ కళ్లకు ఆనడం లేదు.

మీ అన్న