కారులోని రాస్‌ప్‌బెర్రీ పైకి ఏ జీపీఎస్ రిసీవర్ కొనాలి, ఎక్కడ బిగించాలి?

పాత కారులో పాటల టేపు రికార్డరు తీసేసిన ఖాళీలో రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బిగించి, దాని వెనకే బొటనవేలంత యూఎస్‌బీ జీపీఎస్ పెట్టానన్నారు. పావుగంట తిరిగినా మ్యాపులో కారు కదలడం లేదని, ఇంతకంటే మంచి రిసీవర్ ఏదని అడిగారు. దయచేసి ఇప్పుడే కొనకండి. ఇదే చోట ఇదే తప్పు చేసి నేను మూడు రిసీవర్లు కొన్నాను. వాటిలో రెండు ఇప్పటికీ బల్ల సొరుగులో ఉన్నాయి. రెండూ భేషుగ్గా పనిచేస్తాయి.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఆ సంకేతం కిందికి చేరేసరికి ఎంత సన్నబడుతుందంటే, మామూలు రేడియో రొదలోనే మునిగిపోయి ఉంటుంది. రిసీవర్ తనకు ముందే తెలిసిన సున్నా-ఒకట్ల వరుసతో పోల్చి చూసి దాన్ని బయటికి లాగుతుంది. అంత సున్నితమైన వస్తువును మనం ఇనప పట్టీల మధ్య, హెచ్‌డీఎంఐ తీగ పక్కన కుక్కాం. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకు ఎస్‌ఎస్‌డీ కూడా తగిలించి ఉంటే, ఆ రొద మరీ ఎక్కువ.

నాకు అసలు దొంగ దొరికిన తీరు వేరు. రిసీవర్‌ను డాష్‌బోర్డు మీదికి మార్చినా పూర్తిగా కుదరలేదు. ఒకరోజు ఖాళీ మైదానంలో కారు ఆపి, తెర మీద సీజీపీఎస్ అనే, రిసీవర్‌కు ఏమేం అందుతున్నాయో చూపే చిన్న ప్రోగ్రాము తెరిచి కూర్చున్నాను. అందులో ఒక్కో ఉపగ్రహానికి ఎదురుగా దాని సంకేత బలం అంకెల్లో కనిపిస్తుంది. అన్నీ 20, 22 దగ్గరే వేలాడుతున్నాయి. ఇంతలో మా బావమరిది తన ఫోను తీసుకుంటూ, సిగరెట్ లైటర్ సాకెట్‌లోని చార్జర్‌ను కూడా లాగేశాడు. చూస్తుండగానే అంకెలు 36, 38, 41కి ఎగబాకాయి. నమ్మలేక చార్జర్ మళ్లీ గుచ్చమన్నాను. పడిపోయాయి. తీయమన్నాను. లేచాయి. అలా నాలుగుసార్లు చేసేసరికి అతనికి విసుగొచ్చింది కానీ నాకు మాత్రం పండగే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రిసీవర్ల మీద రిసీవర్లు కొన్నాను. చవక చార్జర్లు, డాష్ కెమెరాలు ఈ పని తరచుగా చేస్తాయి. అందుకే ముందు మీ కారులో గుచ్చినవన్నీ పీకేసి, ఒక్కొక్కటే పెడుతూ ఆ అంకెలు చూడండి. 35 దాటి ఉంటే నిశ్చింత. 25 లోపే ఉంటే ఎంత ఖరీదైన రిసీవర్ అయినా ఇబ్బందే.

మీ పావుగంటకు ఇంకో కారణం కూడా ఉండవచ్చు. చాలాకాలం ఆపి ఉంచిన రిసీవర్, ప్రతి ఉపగ్రహం నుంచి దాని కక్ష్య వివరాలు తాజాగా తెచ్చుకోవాలి. ఆ సమాచారం 30 సెకన్లకు ఒకసారి తిరిగి వస్తుంది, మధ్యలో తెగితే తెగిన ముక్క కోసం మళ్లీ ఆగాలి. హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్ వే కింద, స్తంభాల మధ్య నడుపుతూ మొదటిసారి స్థానం దొరకలేదంటే తప్పు రిసీవర్‌ది కాదు. ఆరుబయట ఐదు నిమిషాలు కారు ఆపి చూడండి.

ఇంత చేశాకా కొనాల్సి వస్తే, నేరుగా గుచ్చే పుల్లలాంటిది వద్దు. రెండు మీటర్ల తీగ ఉన్న బిళ్లలాంటిది తీసుకోండి. లోపల యూబ్లాక్స్ కంపెనీ 8వ తరం చిప్ ఉంటే చాలు. జీపీఎస్‌తోపాటు రష్యా ఉపగ్రహాల వ్యవస్థ గ్లోనాస్‌ను కూడా అందుకుంటుంది కాబట్టి, ఎత్తయిన భవనాల మధ్య ఎక్కువ ఉపగ్రహాలు చేతికి వస్తాయి. పాత తరం చిప్‌తో నియో-6ఎమ్ అని అమ్మేవి జీపీఎస్ ఒక్కటే చూస్తాయి. ఊళ్ల మధ్య రోడ్లకు అదీ సరిపోతుంది. సెకనుకు పదిసార్లు స్థానం చెబుతుందనే ప్రకటన చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి, దారి చూపడానికి ఒక్కసారి చాలు. మన దేశపు సొంత వ్యవస్థ నావిక్ లేదని బెంగ కూడా అక్కర్లేదు. మన పాత నావిక్ ఉపగ్రహాలు ఎల్5, ఎస్ అనే రేడియో బ్యాండ్లలో ప్రసారం చేసేవి. చవక రిసీవర్లు వినేది ఎల్1 బ్యాండ్ మాత్రమే. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01తోనే ఎల్1 మొదలైంది.

బిగించే చోటు: డాష్‌బోర్డు ఎడమ చివర, ముందు అద్దానికి ఆనుకుని. తీగను అద్దం అంచు వెంట నడిపి, పక్క పిల్లర్ ప్లాస్టిక్ వెనక నుంచి కిందికి దించాను. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే ఆ ప్లాస్టిక్ మీరు ఊడదీయకండి, బ్యాగు తెరుచుకునే దారిలో తీగ పడకూడదు. అద్దానికి లోహపు పూత ఉంటే సంకేతం లోపలికి రాదు. అలాంటి చాలా అద్దాల్లో వెనక చూసే అద్దం దగ్గర పూత లేని చిన్న భాగం వదులుతారు, అక్కడ అతికించాలి. బిళ్లకు అయస్కాంతం ఉందని మురిసిపోకండి, డాష్‌బోర్డు ప్లాస్టిక్‌కు అది అంటదు. నేను మొదట వాడిన రెండువైపులా జిగురున్న మామూలు టేపు మే ఎండకు కరిగి, బిళ్ల జారి డ్రైవర్ కాళ్ల దగ్గర పడింది. వేడికి తట్టుకునే నురుగు టేపు వేశాక మళ్లీ కదలలేదు.

సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పని లేదు. రిసీవర్ చెప్పేది మిగతా ప్రోగ్రాములకు అందించే జీపీఎస్‌డీ వేసుకుంటే మ్యాపు, ప్రయాణం నమోదు చేసే ప్రోగ్రాము రెండూ ఒకే రిసీవర్‌ను పంచుకుంటాయి. పై 4లో సొంత గడియారం లేదు కనుక సమయం కూడా దాని నుంచే తీసుకోవచ్చు. సొంతంగా కోడు రాస్తే మాత్రం ఒక్క జాగ్రత్త. రిసీవర్ అక్షాంశం 1723.10 అని పంపితే అది 17.2310 డిగ్రీలు కాదు, 17 డిగ్రీల 23.10 నిమిషాలు, అంటే 17.385. ఇది తెలియక నేను చార్మినార్ దగ్గర నిలబడి ఉంటే, మ్యాపు నన్ను నైరుతి దిక్కున దాదాపు 26 కిలోమీటర్ల అవతల చూపించింది.

చార్జర్ పీకాక అంకెలు ఎంత వచ్చాయో ఇక్కడే రాయండి, మిగతాది చూద్దాం.